ఏడో బాయిలో మౌనం బిళ్లలు

నమోదు 212, సోమవారం

పొద్దున్నే రికార్డింగ్ గది గోడలకు కట్టిన గొంగళ్లన్నీ దించి దులిపాను. తేమకు మళ్లీ బూజు పట్టాయి. ఆ బూజంతా నా జుట్టులోకే వచ్చి చేరింది కాబట్టి ఈ రోజు నీళ్ల రేషన్ తలస్నానానికే సరిపోయింది. ఇంత చాకిరీ చేసి గొంగళ్లు మళ్లీ కడితే పెద్ద పంకా మోత ఏమైనా తగ్గిందా అంటే, లేదు. మా వీధికి గాలి పంపే ఆ పంకాది గోడల్లోంచి వచ్చే మోత కాదు. రాయిలోంచి వచ్చి అరికాళ్లలోంచి ఎక్కుతుంది. మా తాతల కాలంలో ఈ ఏడో బాయిలో బొగ్గు తవ్వేవారట. పైన ఎండకు తాళలేక జనం ఇందులోకి దిగి కాపురాలు పెట్టిన నాటి నుంచీ ఆ పంకా తిరుగుతూనే ఉంది. ఇక్కడ పుట్టిన వాళ్లకు అది మోతని కూడా తెలియదు, గాలి అంటే అలాగే ఉంటుందనుకుంటారు. రికార్డింగ్ పని నేర్చుకున్న పాపానికి నాకొక్కదానికే అది పగలూ రాత్రీ వినబడుతుంది.

మధ్యాహ్నం ఓదెలు వచ్చాడు. పుట్టగొడుగుల మడుల్లో పని దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు ఎరువు అలాగే ఉంది. మైకుల దగ్గరికి రావద్దని గుమ్మంలోనే నిలబెట్టాను. తన పాట వీధుల్లో వినిపించమన్న అతని అర్జీని పాటల బోర్డు మూడోసారి తిప్పి పంపిందట. కారణం పాతదే, ఈ గొంతు పంకా కింద వినబడదని. బోర్డు వాళ్లకు కావలసింది పంకాను మించి అరిచే పాటలు. వీధి మలుపుల్లో గొట్టాల్లోంచి పొద్దంతా వచ్చేవి అవే.

వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, అదే నా బాధ. ఓదెలు పాట వినాలంటే అతని పక్కన భుజానికి భుజం ఆనించి కూర్చుని, చెవి అతని నోటి దగ్గర పెట్టాలి. అందుకే మా వీధిలో అతని పాట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, ఇద్దరు కలిసి విన్నవాళ్లు లేరు. విన్న ప్రతి మనిషీ అది తన కోసమే పాడాడనుకుంటాడు. పోయిన ఏడు అతని పాట ఒకటి పట్టి, మోతను తీసేసే మిషన్‌కు ఇచ్చి చూశాను. అది మోతతో పాటు ఓదెలును కూడా తీసేసింది. అతని గొంతు సరిగ్గా పంకా శ్రుతిలోనే ఉంటుంది మరి. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి దానితో కలిసి పాడినవాడు.

ఈ రోజు అతను ఇంకో కబురు కూడా తెచ్చాడు. నెలాఖరుకు పాత పంకా తీసేసి కొత్తది పెడతామని పంకా ఆఫీసు ముందు కాగితం అంటించారట. కొత్తదానికి ఆపే వీలే ఉండదు. ఇంటింటికీ ఉన్న మౌనం బిళ్లలు ఇక చెల్లవు.

"అక్కా, గా లోపట ఒక్కపారి పంకా ఆగితే" అన్నాడు. మాట అక్కడే వదిలేసి ఎరువు చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

అతను అడగలేదు. అడగలేడు కూడా. ఒక ఇంటికి వెళ్లి బిళ్ల అడగడమంటే, శవానికి కప్పడానికి దాచుకున్న గుడ్డ ఇమ్మని అడిగినట్టే.

నమోదు 213, మంగళవారం

మిగతా బాయిల్లో ఈ ఆచారం లేదని విన్నాను కాబట్టి రాసిపెడుతున్నాను. మా దగ్గర ఏడాదికి ఇంటికి ఒక ఇత్తడి బిళ్ల ఇస్తారు. ఇంట్లో ఎవరైనా పోతే ఆ బిళ్ల తీసుకెళ్లి పంకా గదిలో ఉన్న పెట్టె సందులో వేస్తారు. మా వీధి పంకా ఆగుతుంది. మనిషి నిదానంగా ఒక చాయ్ తాగేంత సేపు ఆగి మళ్లీ తిరుగుతుంది. పోయిన వాళ్ల కోసం ఏడవాల్సింది ఆ కాస్త సేపట్లోనే. ఆ ఇంటి ఏడుపు విని వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి తామూ ఏడుస్తారు. ఏడుపు పది మందికి వినబడకుండా పోయినవాడు దిక్కులేకుండా పోయినట్టేనని మావాళ్ల నమ్మకం. ఏడాదిలో చావు చూడని ఇల్లు బిళ్లను వాడకుండా తిరిగి ఇచ్చేసి, ఆ పూట సర్వపిండి చేసుకుంటుంది.

అలాంటి బిళ్లను పాట కోసం ఇమ్మని ఇంటింటికీ తిరిగాను. నాకు నోరు పెద్దదని వీధిలో పేరు. ఆ నోరు ఈ రోజు పెగల్లేదు. తలుపు తీసిన వాళ్ల ముఖం చూడలేక గడప చూస్తూ మాట్లాడాను.

మొదటి బిళ్ల భూలక్ష్మి ఇచ్చింది. వీధి చివరింట్లో బట్టలు కుట్టుకుంటుంది. పెద్దకొడుకు పోయినప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఓదెలు పని దిగి వస్తూ ఆమె గుమ్మంలో కూర్చుని ఒక పాట పాడి వెళ్లేవాడట. ఆ సంగతి నాకు ఈ రోజే తెలిసింది. ఐలయ్య కూడా ఇచ్చాడు కానీ, రికార్డు పలక మీద తన పేరు అందరికంటే ముందుండాలన్నాడు. పక్కింట్లో ఉండే అతని తమ్ముడు, అన్న పేరు ముందుంటే తాను ఇవ్వనన్నాడు. పేర్లన్నీ గుండ్రంగా చెక్కిస్తానని, గుండ్రానికి మొదలూ చివరా ఉండవని నచ్చజెప్పి ఇద్దరి దగ్గరా తీసుకున్నాను. కొత్తగా పెళ్లయిన జంట తలుపు వెనక చాలాసేపు గుసగుసలాడుకుని, మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే, ఇద్దరమూ గట్టిగా ఉన్నామని చెప్పి ఇచ్చింది. కొందరి బిళ్లలు ఈ ఏడు చావులకు ఇదివరకే ఖర్చయిపోయాయి. ఇవ్వలేకపోయామని వాళ్లు నొచ్చుకుని నాకు చాయ్ పోశారు. సాయంత్రానికి కడుపు నిండా చాయ్, కొంగు నిండా బిళ్లలు. ఒక పూర్తి రికార్డుకు సరిపోతాయి.

పోశవ్వ ఇంటి ముందు నుంచి మాత్రం తల దించుకుని వచ్చేశాను. ఆమె భర్త రాజలింగు పెద్దనాయన మంచం పట్టి ఉన్నాడు. క్యాంటీన్‌లో వండి వార్చి ఈ బాయిలో సగం మందిని పెంచిన మనిషి. ఈ నెల దాటడం కష్టమని డాక్టరు చెప్పిపోయాడు. ఆ గుమ్మంలో నిలబడి బిళ్ల అడిగే ముఖం నాకు లేదు.

నమోదు 215, గురువారం

పంకా గది చూసుకునే విజేందర్ నా కొంగులో బిళ్లలు చూసి హడలిపోయాడు. ఒకే వీధిలో ఇన్ని చావులా అనుకున్నాడు పాపం. సంగతి చెప్పాక ఇంకా హడలిపోయాడు. పాట కోసం పంకా ఆపమన్న వాళ్లు ఇంతవరకూ లేరు, నిబంధనలు చూడాలన్నాడు. చావుకు మాత్రమే అని నిబంధనల్లో ఎక్కడా లేదని నేను వాదించాను. చావుకు తప్ప ఇంకెందుకైనా ఆపుతారని రాసినవాడికి తట్టలేదు కాబట్టి రాయలేదని అతను వాదించాడు. అతని మాటే నిజమై ఉంటుంది. చివరికి, ఒకసారి ఓదెలు పక్కన కూర్చుని రా, వచ్చాక కాదను అన్నాను.

మధ్యాహ్నం మడుల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడట. తిరిగి వచ్చి, బిళ్లలు ఒకదాని వెంట ఒకటి వేస్తే పంకా అంతసేపూ ఏకధాటిగా ఆగే ఉంటుందని, అప్పటిదాకా గాలికి ఇబ్బంది లేదని చెప్పాడు. ఒకసారి వేసిన బిళ్ల ఏ కారణం చెప్పినా వెనక్కి రాదని రెండుసార్లు హెచ్చరించాడు. వెళ్తూ వెళ్తూ, తన తల్లి కూడా ఇలాగే పాడేదన్నాడు. ఆమె పాడేదో లేదో నాకు తెలియదు. ఓదెలు పాట విన్నవాళ్లందరూ ఈ మాటే అంటారు.

రికార్డింగ్ శనివారం పొద్దున. ఎవరూ గిన్నె కదపొద్దని, పసిపిల్లలకు పాలు పట్టి పడుకోబెట్టాలని, తుమ్ము వస్తే ముక్కు పట్టుకోవాలని వీధంతా చెప్పించాను. చెప్పే పని భూలక్ష్మి తీసుకుంది.

నమోదు 217, శనివారం

అంతా పోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను, లేకపోతే కోపంలో అన్యాయంగా రాస్తాను. ఓదెలు గదిలో చాప మీద కూర్చున్నాడు, చంకలో అతని ఒంటి తీగ జమిడిక. బిళ్లలు ఇచ్చిన వాళ్లందరూ తలుపులు తెరుచుకుని ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చున్నారు. రికార్డు తర్వాత సంగతి, ముందు అందరం కలిసి వినాలని వాళ్ల ఆశ. అతని పాటను మొదటిసారి పది మంది ఒక్కసారే వినబోతున్నారు. విజేందర్ బిళ్లలు వేశాడు. పంకా నెమ్మదించి, ఒకసారి మూలిగి, ఆగింది.

నా అరికాళ్లు తేలిపోయాయి. ఓదెలు ఊపిరి తీసుకోవడం మైకులో స్పష్టంగా వినబడింది. అతను మొదటి మాట పాడాడు.

వీధి చివర నుంచి ఏడుపు వినబడింది.

భూలక్ష్మి. కొడుకును పేరు పెట్టి పిలిచి ఏడుస్తోంది. మొదటి బిళ్ల ఇచ్చిన మనిషి, వీధంతా తిరిగి జాగ్రత్తలు చెప్పిన మనిషి. ఆమెను ఊరుకోబెట్టడానికి ఐలయ్య లేచాడు. లేచినవాడు తన తండ్రిని తలుచుకుని అక్కడే ఏడ్చాడు. అతని తమ్ముడు అందుకున్నాడు. ఇక ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు. చావు లేకుండా వచ్చే మౌనాన్ని మాలో ఎవరూ ఎరగరు. పంకా ఆగితే ఏడవాలి, అంతే. కాలు జారితే చెయ్యి ఆనించినట్టు అది మా ఒంటికి పట్టేసింది. నేను గుమ్మంలోకి పరుగెత్తి ఊరుకోమని అరిచాను. ఆ అరుపు కూడా ఏడుపే అనుకుని ఎదురింటివాళ్లు ఇంకా ఏడ్చారు. లోపలికి వచ్చి చూస్తే ఓదెలు జమిడిక పక్కన పెట్టి, మోకాళ్ల మీద తల ఆనించి ఏడుస్తున్నాడు.

చివరి బిళ్ల అయిపోయేదాకా ఏడ్చారు. పంకా తిరిగాక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక తలుపులు వేసుకున్నారు.

నమోదు 218, ఆదివారం

భూలక్ష్మి వచ్చింది. నేను గొంగళ్లు దులుపుతూ ఆమె వైపు చూడలేదు. నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. ఆమె మూలనున్న రెండో కర్ర తీసుకుని నా పక్కన నిలబడి తానూ దులపడం మొదలుపెట్టింది.

"పాటకని తెలుసు స్వరూపా. మందికి చెప్పిందే నేను. కని సప్పుడు ఆగంగనే మావోడు ఎదురుంగ వచ్చి నిలవడ్డట్టయింది. నాతోని కాలే" అంది.

ఆ తర్వాత ఆమె మీద కోపం ఉంచుకోవడం నావల్ల కాలేదు. మైకుల గురించి ఆలోచించాను, తుమ్ముల గురించి ఆలోచించాను, పంకా ఆగితే ఈ జనం ఏం చేస్తారో ఆలోచించలేదు. నేనూ ఇక్కడే పుట్టాను కదా. నిజం చెప్పాలంటే నిన్నటి నా అరుపులో సగం మా అమ్మ కోసమే.

ఓదెలు పనికి వెళ్తున్నాడు కానీ పాడటం లేదట. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే జరిగి చోటిస్తాడు, నోరు మాత్రం విప్పడు. వీధి వీధంతా తమ చావుల కోసం దాచుకున్నది తన వల్ల బూడిదపాలైందని అతని బాధ. ఇచ్చిన ఇళ్లన్నీ ఇప్పుడు ఉత్త చేతులతో ఉన్నాయి. ఇచ్చిన వాళ్లలో ఒక్కరూ నన్ను మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నమోదు 219, సోమవారం

పోశవ్వ వచ్చింది. ఆమె ఇల్లు కదిలి రావడం చూసి పెద్దనాయనకు ఏదో అయిందనుకుని లేచి నిలబడ్డాను. నేను కూర్చోమనేదాకా కూడా ఆగకుండా ఆమె స్టూల్ లాక్కుని కూర్చుంది.

"అందరిండ్లకు పోయినవు, మా ఇంటికెందుకు రాలేదే బిడ్డా?" అంది. అలిగిందని అప్పుడర్థమైంది.

పెద్దనాయన అలా ఉండగా ఎలా అడగనని నసిగాను. ఆమె కొంగు ముడి విప్పి బిళ్ల తీసి నా బల్ల మీద పెట్టింది. నేను వెనక్కి నెట్టాను. మళ్లీ ముందుకు నెట్టింది. డాక్టరు చెప్పింది గుర్తుచేశాను. వీధిలో ఇంకెవరి దగ్గరా బిళ్ల లేదని, ఇదీ పోతే రేపు ఆమె ఏడ్చిన ఏడుపు ఆమెకే వినబడదని కూడా అన్నాను. అంత కటువుగా చెప్పకూడదు, కానీ చెప్పకుండా తీసుకుంటే మోసం.

ఆమె బిళ్ల మీద వేలు ఆనించింది.

"ఆయన మంచాన పడ్డకాడికెల్లి ఇది నా కొంగునే ఉన్నది. పొద్దుగాల లేసి ఆయన మొఖం సూస్తనా, చెయ్యి దీనిమీదికే పోతది. ఇది దాసుకునుడంటే ఆయన సావుకు ఎదురుసూసుడే గదా. నాకొద్దది."

ఆమె స్టూల్ నా దగ్గరికి జరుపుకుని, ఈసారి మెల్లగా చెప్పింది. ఓదెలు మొన్నటిదాకా అప్పుడప్పుడు వచ్చి పెద్దనాయన చెవిలో ఒక పాట పాడిపోయేవాడట. తర్వాత ఆమె చెవిలో కూడా పాడేవాడట.

"ఆయన ఇన్నప్పుడు నేను ఇనలే, నేను ఇన్నప్పుడు ఆయన ఇనలే. ఇన్నేండ్ల కాపురంల ఇద్దరం కూసోని ఒక్క పాట ఇనలే. సచ్చినంక ఊరంత సప్పుడు లేకున్నా ఆయనకేంది? బతికున్నప్పుడే ఇననీ."

ఒకటే షరతు పెట్టింది. రికార్డింగ్ వాళ్లింట్లో, మంచం పక్కనే జరగాలి. రేకు గోడలు, కుండలోంచి కారే నీళ్లు, పెద్దనాయన దగ్గు, ఇవన్నీ రికార్డులో పడతాయని నేను నా పాట మొదలుపెట్టాను. దగ్గితే దగ్గనీ, మనిషి కదా అని లేచి వెళ్లిపోయింది. బిళ్ల బల్ల మీదే ఉంది.

నమోదు 220, మంగళవారం

ఓదెలు ఒప్పుకోలేదు. మంచంలో మనిషి ఉన్న ఇంటి బిళ్ల ముట్టనని తేల్చి చెప్పాడు. నేను బతిమాలాను, తిట్టాను. నా తిట్లు అతనికి అలవాటే. పోశవ్వకు కబురు పెడితే మడుల దగ్గరికి తానే వచ్చింది. పాట వినేవాళ్లు కూర్చున్నట్టే అతని భుజానికి ఆనుకుని కూర్చుంది. ఈసారి నోరు ఆమెది, చెవి అతనిది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆమె లేచి వెళ్లాక అతను చేతులు కడుక్కుని వచ్చి, ఏ పాట పాడమంటావక్కా అని అడిగాడు.

ఒక్క బిళ్ల కాబట్టి ఒక్క పాటే. రికార్డు నిండా పాటలనుకున్నది చివరికి ఒక్క పాటకు వచ్చింది. చాలాసేపు ఆలోచించి, మడుల్లో పనిచేస్తూ తాను కట్టుకున్న జోలపాట పాడతానన్నాడు.

ఇక మిగిలింది వీధి. మళ్లీ ఏడవకుండా ఉంటారని ఎవరూ మాట ఇవ్వలేకపోయారు. నోట్లో గుడ్డ కుక్కుకుంటానని భూలక్ష్మి అంది. పై వీధిలో బంధువుల ఇంటికి వెళ్లి కూర్చుంటానని ఐలయ్య అన్నాడు. వెళ్తే పాట వినలేడని మళ్లీ అతనే దిగాలు పడ్డాడు. దీనికి కూడా దారి చూపింది పోశవ్వే. రేపు మధ్యాహ్నం అందరూ మా ఇంటి ముందుకు రండి, పంకా తిరుగుతుండగానే ఎవరికి ఎంత ఏడవాలని ఉంటే అంత ఏడ్చేయండి, అయిపోయాక చెప్పండి, అప్పుడు పంకా ఆపిద్దాం అంది. ఏడుపుకు రిహార్సల్ ఏమిటని నాకు నవ్వొచ్చింది. నవ్వింది నేనొక్కదాన్నే.

నమోదు 221, బుధవారం

మధ్యాహ్నం అందరూ వచ్చారు. మొదట సిగ్గుపడ్డారు. మొదలుపెట్టమంటారా అని ఐలయ్య నన్ను అడిగాడు, అదేదో నా చేతిలో ఉన్నట్టు. తమ్ముడు మోచేత్తో పొడిచాడు. ఎవరికీ ఏడుపు రాలేదు. చివరికి పోశవ్వ గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరినీ చూస్తూ వాళ్ల ఇళ్లల్లో పోయిన వాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లందరికీ రాజలింగు చేతి వంట పెట్టిన మనిషి ఆమె. మోతలో ఆ పేర్లు సరిగా వినబడను కూడా లేదు, కానీ ఎవరి పేరు వాళ్లకు తెలిసింది. ఇక ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరి ఏడుపు ఒకరికి వినబడలేదు. ముఖాలు మాత్రం కనబడ్డాయి. నేను మైకు తీగలు సర్దుతున్నట్టు నటిస్తూ గోడ వైపు తిరిగి ఏడ్చాను.

అయ్యాక పోశవ్వ బిందె తెచ్చి అందరి చేతుల్లో నీళ్లు పోసింది. ముఖాలు కడుక్కున్నారు. భూలక్ష్మి కొంగు చివర నోట్లో పెట్టుకుని, ఇక కానివ్వమని చేత్తో సైగ చేసింది. విజేందర్ పంకా గదికి వెళ్లాడు.

పెద్దనాయన మంచం మీద నిద్రపోతున్నాడు. లేపనా అని అడిగితే వద్దంది పోశవ్వ, పాటే లేపుతుందని. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. ఓదెలు నేల మీద, వాళ్లిద్దరి మధ్యకు ముఖం పెట్టి. పంకా ఆగింది.

ఎవరూ ఏడవలేదు. కుండలోంచి నీటి చుక్క పడింది, అంతే. ఓదెలు పాడాడు. చెవి దగ్గర పెట్టుకోకుండా అతని పాట వినడం నాకు అదే మొదలు. గుమ్మం బయట కూర్చున్న వాళ్లందరికీ కూడా.

నీడ దొరకని పిట్టకు రెక్కే నీడ
నిద్దుర రాని కంటికి మాటే పానుపు

రెండోసారి ఆ మాటలు తిప్పి అందుకుంటుండగా పెద్దనాయన కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు. పంకా ఆగి ఉంది, గుమ్మం నిండా జనం ఉన్నారు. ఆయనకు ఒకటే అర్థమైంది.

"ఎవలు సచ్చిన్రే?" అన్నాడు. క్యాంటీన్‌లో కేకలు వేసిన గొంతు, ఇంకా గట్టిగానే ఉంది.

నా ప్రాణం ఉసూరుమంది. ఓదెలు ఆపలేదు. పోశవ్వ ఆయన మీదికి వంగి, కూర ఉడికిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఎవలు సావలే. పాట. ఇను."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుని, కప్పు వైపు చూస్తూ చివరిదాకా విన్నాడు. పాట అయిపోయాక కూడా కాస్త మౌనం మిగిలింది. పంకా మళ్లీ తిరిగేదాకా అలాగే కూర్చున్నాం.

నమోదు 222, గురువారం

పొద్దున కూర్చుని రికార్డు శుభ్రం చేశాను. నీటి చుక్క తీసేశాను. రెండు మాటలూ తీసేశాను, ఆయన అడిగిందీ ఆమె చెప్పిందీ. ఇప్పుడు మోత లేదు కాబట్టి మిషన్ బుద్ధిగా తీసేసింది. ఓదెలుకు వినిపించాను. తన గొంతు తాను వినడం అతనికి ఇదే మొదలు. సిగ్గుతో తల ఎత్తలేదు. పాట అయ్యాక, ఆ మాటలేవి అక్కా అని అడిగాడు.

రికార్డు శుభ్రంగా ఉండాలని, పై బాయిల వాళ్లు వింటే నవ్వుతారని చెప్పాను.

"సప్పుడు లేకుంట జేసింది వాళ్లేనాయె. వాళ్ల మాట తీసేస్తే ఎట్లక్కా?" అన్నాడు.

ఇన్నేళ్ల నా పనితనం ఆ ప్రశ్న ముందు నిలబడలేదు. నీటి చుక్కతో సహా అన్నీ మళ్లీ పెట్టేశాను. సాయంత్రానికి బిళ్ల ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక పలక తయారైంది. మొదటిసారి ఇచ్చి పోగొట్టుకున్న వాళ్ల పేర్లు కూడా గుండ్రంగా చెక్కించాను. అన్నదమ్ములిద్దరూ పలకను తిప్పి తిప్పి చూసి, ఎక్కడా మొదలు దొరక్క ఊరుకున్నారు.

నమోదు 226, సోమవారం

రాజలింగు పెద్దనాయన తెల్లవారుతుండగా పోయాడు.

పంకా తిరుగుతూనే ఉంది. నేను వెళ్లేసరికి పోశవ్వ మంచం పక్కన కూర్చుని ఉంది. నోరు తెరిచి ఏడుస్తోంది, గుమ్మంలో నిలబడ్డ నాకు వినబడలేదు. వీధి వీధంతా వచ్చి నిలబడ్డారు. ఏడుపు విని కదా తామూ ఏడవాలి, అది వినబడక ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఇలాంటి చావు మా వీధిలో ఇంతకు ముందు లేదు. విజేందర్ దగ్గరికి పరుగెత్తాను. పెట్టె సందు ముందు నిలబడి, అందులో వేలు పెట్టి చూస్తున్నాడు. బిళ్ల లేకుండా ఆగదక్కా అన్నాడు. అతని కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

నేనే తీసుకున్నాను ఆ బిళ్ల. బల్ల మీద నుంచి నా చేత్తోనే తీసి విజేందర్‌కు ఇచ్చాను. ఒక పాట కోసం ఒక మనిషి ఏడుపును తీసుకున్నాను. వచ్చే సోమవారం కొత్త పంకా దిగుతుందట. ఓదెలు పాడె మోశాడు.

నమోదు 229, గురువారం

పోశవ్వ తన పలక కొంగులో చుట్టుకుని వచ్చింది. వాళ్లింట్లో పెట్టుకుని వినే మిషన్ లేదు. వినిపించమంది. నేను ముందు క్షమించమని అడగబోయాను. ఆమె పలక నా చేతిలో పెట్టి స్టూల్ లాక్కుని కూర్చుంది. పాట బయటికి పెడితే మోతలో వినబడదు కాబట్టి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను.

నాకేమీ వినబడటం లేదు, కానీ ఆ పాట ఏ క్షణాన ఎక్కడుందో నాకు తెలుసు. మొదటి చరణం అయింది. రెండోసారి అందుకున్నాడు. ఆ చోటు దగ్గరపడుతుంటే నాకు భయం వేసింది, ఆపేద్దామని చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టింది.

ఆయన అడిగినట్టున్నాడు. ఆమె ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది, అటువైపు గదిలోంచి పిలిస్తే పలికినట్టు. పెదవులు కదిలాయి. ఆ మూడు ముక్కలూ పెదవుల మీదే చదువుకున్నాను. తర్వాత కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. తుడుచుకోలేదు, పాట చివరిదాకా, ఆ మిగిలిన మౌనం చివరిదాకా అలాగే కూర్చుంది.

అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, నా వైపు వంగి చెప్పింది.

"ఆ పొద్దు నిజంగనే ఎవలు సావలే బిడ్డా. పంకా ఆగింది, ఎవలు సావలే."

అవునన్నాను. ఆమె హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకు పెట్టుకుని, ఇంకోసారి పెట్టమని చేత్తో చూపించింది. పెట్టాను.